అలుగు పొలుసుకు పథ్యం

మా గుండ్లమెట్టలో అలుగు పొలుసు తినే మనిషి ఒక్కడంటే ఒక్కడు లేడు. ఈ ఒక్క కారణం చేత మా ఆఫీసు మూతపడే ప్రమాదం వచ్చింది.

వివరంగా చెప్తాను. తొందరపెట్టకండి. ముప్పైయారేళ్ళు గవర్నమెంటు ఉద్యోగం చేసినవాణ్ణి, నాకు ఏదీ తొందరగా చెప్పడం రాదు.

అలుగంటే చెరువు నిండి పొర్లే అలుగు కాదు. నల్లమల అడవిలో తిరిగే జంతువు. ఒంటినిండా పొలుసులు, మూరెడు నాలుక, చీమలూ చెదలూ దాని తిండి. భయం వేస్తే ఉండలాగా చుట్టుకుపోతుంది. అంతకు మించి ఆత్మరక్షణ దానికి తెలియదు. దాని పొలుసులు కీళ్ళవాతానికీ, బాలింతల పాలకూ మంచివని చైనా సంప్రదాయ వైద్యంలో ఒక నమ్మకం. ఆ నమ్మకం పుణ్యమా అని లోకంలో అలుగులు తరిగిపోతున్నాయి. చంపేవాళ్ళను ఎంతమందిని పట్టుకున్నా కొనేవాడు ఉన్నంతకాలం లాభం లేదు, ముందు కొనేవాడి మనసు మార్చాలి అని ఎక్కడో విదేశంలో పెద్దలు కూర్చుని ఆలోచించారు. మంచి ఆలోచనే, నేనేమీ కాదనను. దానికో లావుపాటి పుస్తకం రాశారు, నిధులూ ఇచ్చారు. ఆ పుస్తకం పొలుసు తినే ఊళ్ళకు పోవలసింది పోయి, అన్ని ఆఫీసులూ తిరిగి తిరిగి అలుగు ఉన్న ఊరికి వచ్చింది. మానిపించడం కోసం రాసిన పుస్తకం, అసలు మొదలే పెట్టని మా చేతిలో పడింది.

వెంటనే ఆఫీసు పెట్టారు. పాత విత్తనాల గోడౌన్ ఖాళీగా ఉంటే అందులో. లోపలికి వస్తే వేరుశనక్కాయల వాసన. "వన్యప్రాణి ఆధారిత ఔషధ గిరాకీ తగ్గింపు ప్రత్యేక విభాగం" అని బోర్డు రాయించారు. అది తలుపు మీద పట్టక రెండు ముక్కలు చేసి ఇటు సగం, అటు సగం వేలాడదీశాం. ఎడమ పక్క నుంచి వచ్చినవాళ్ళకు మాది వన్యప్రాణి ఆఫీసు, కుడి పక్క నుంచి వచ్చినవాళ్ళకు తగ్గింపు ఆఫీసు. చీరలు తగ్గింపు ధరకు ఇస్తారేమోనని ఆడవాళ్ళు ఒకటి రెండుసార్లు వచ్చి పోయారు కూడా.

నేను అందులో సీనియర్ అసిస్టెంటుని, పేరు సుంకన్న. నా పైన ప్రత్యేకాధికారి పరాంకుశం గారు. చెడ్డమనిషి కాదు. కాకపోతే ఆయన నోరు తెరిస్తే ఫైలు తెరిచినట్టు ఉంటుంది. "సుంకన్నా, దాహ నివారణ నిమిత్తం నీటి లభ్యతను పరిశీలించు" అన్నారంటే మంచినీళ్ళు తెమ్మని.

మాకు ఇచ్చిన లక్ష్యం ఒక్కటే. ఏడాదిలోగా అలుగు పొలుసుల గిరాకీ అరవై శాతం తగ్గించాలి. తగ్గించాలంటే ముందు ఎంత ఉందో తెలియాలి కదా. నెల రోజులు ఎండలో పడి పద్దెనిమిది వందల నలభై ఇళ్ళు తిరిగాం. "మీ ఇంట్లో అలుగు పొలుసు వాడతారా?" అని అడిగితే ఒకావిడ "అది ఏ కంపెనీ సబ్బు నాయనా?" అంది. ఒక ముసలాయన రెండు చేతులూ పట్టుకుని పింఛను రాయించమన్నాడు. ఒకరిద్దరు మాకు మజ్జిగ ఇచ్చారు. వాడేవాళ్ళు సున్న.

పరాంకుశం గారు ఆ కాయితాన్ని చాలాసేపు చూశారు.

"సున్నలో అరవై శాతం ఎంత సుంకన్నా?"

"సున్నే సార్."

"అంటే మనం లక్ష్యం సాధించినట్టా, సాధించనట్టా?"

"రెండూ సార్."

ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. పై ఆఫీసుకు రాశారు. ఇరవై రోజులకు జవాబు వచ్చింది. "శూన్యము నుండి తగ్గింపు సాంకేతికముగా అసాధ్యము. గిరాకీ లేదనుట సర్వే లోపము. కావున దాగియున్న గిరాకీని తక్షణమే వెలికితీసి, తదుపరి దానిని తగ్గించవలెను. లేనియెడల విభాగము కొనసాగింపు పునఃపరిశీలించబడును." ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు ఉందని నేను అనుకున్నాను. అనుకున్నానంతే, రాయలేదు.

రెండో సర్వేకు ప్రశ్న పై నుంచే తయారై వచ్చింది. "మీకు మోకాళ్ళ నొప్పులున్నవా? నొప్పి తగ్గు మందు ఏదైనా ఉన్నచో వాడెదరా? సదరు మందు అలుగు పొలుసు అయినచో?" నొప్పి తగ్గుతుందంటే గాడిద గుడ్డైనా తింటామన్నారు జనం. తొంభై రెండు శాతం గిరాకీ వెలికి వచ్చింది. ఆ సాయంత్రం పరాంకుశం గారు తన సొంత ఖర్చుతో ఆఫీసంతటికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు.

ఇక తగ్గించడం మొదలుపెట్టాం. ఒక ఆటోకు మైకు కట్టి వీధి వీధికీ తిప్పాం. "ప్రజలారా! అలుగు పొలుసు తిన్నందువల్ల మోకాళ్ళ నొప్పులు తగ్గవు! కీళ్ళవాతం పోదు! బాలింతలకు పాలు పడవు! ఊడిన జుట్టు మొలవదు! మగవారికి పోయిన పటుత్వం తిరిగి రాదు!" చివరి రెండూ పుస్తకంలో లేవు. ఖండన సమగ్రంగా ఉండాలని పరాంకుశం గారే చేర్చారు.

మూడో రోజు మస్తాన్ టీ బంకు దగ్గర నిలబడి నా చెవులారా విన్నాను.

"జుట్టు గూడా మొలుస్తాదంట సామీ."

"మొలవదంటాండారు కదప్పా మైకులో."

"నీకు తెల్దు ఊరుకో. యూరియా దండిగా ఉండాదన్నారు, ఉన్నిందా? కరెంటు పోదన్నారు, పోకుండా ఉన్నిందా? వాళ్ళు ఉండాది అంటే ల్యా. ల్యా అంటే ఉండాది."

ఈ తర్కానికి ఏ విశ్వవిద్యాలయమూ జవాబు చెప్పలేదు. ఇంటికి పోతే మా ఆవిడ మంచం మీద కూర్చుని, "మీ ఆఫీసు సరుకే కదా, ఒక నాలుగు పొలుసులు తెస్తే మా అమ్మ మోకాళ్ళకు పనికొస్తాయి. ఇన్నేండ్ల సర్వీసులో మా పుట్టింటికి ఏం చేసినావు నువ్వు?" అంది. నేను ఏం చెప్పినా దాచిపెడుతున్నాననే అనుకుంది.

ఒకరోజు పొద్దున్నే ఈదమ్మ వచ్చింది. నిమ్మల ఈదమ్మ చెంచుల మనిషి, అడవిలో కాపలాకు పెట్టుకున్న ఔట్‌సోర్సింగ్ ఉద్యోగిని. నలభై దాటి ఉంటాయి. మాట తక్కువ, నడక ఎక్కువ. పదిమైళ్ళు నడిచి వచ్చి, కొంగులోంచి ఒక ఇనుప తీగ ఉచ్చు తీసి పరాంకుశం గారి టేబులు మీద పెట్టింది.

"పెద్దసెల నీళ్ళ ఊట కాడ అలుగు బొక్క ఉండాది సార్. దాని వాకిట్లో దొరికె ఇది. మూడేండ్ల నుంచి సూస్తాండా, ఒక్క ఉచ్చు ల్యా. ఈ నెల్లో ఇది మూడోది. అది ఈనింది సార్. పిల్లను తోక మీద ఎక్కించుకోని తిరుగుతాంది, ఇంత పిల్ల." అని చెయ్యి చాపి మోచెయ్యి దాకా చూపించింది. "మీ ఆటోను ఆపండి సార్."

పరాంకుశం గారు ఉచ్చును పెన్నుతో కదిపి చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఉచ్చు అనగా సరఫరా ప్రయత్నం. సరఫరా ప్రయత్నం అనగా గిరాకీకి భౌతిక రుజువు. సుంకన్నా, దీన్ని వస్తు రూప సాక్ష్యంగా నమోదు చెయ్యి. ఇక సర్వే లోపమని మనల్ని ఎవరూ అనలేరు."

"ఆటో సార్..." అంది ఈదమ్మ.

"మార్చి ఆఖరు వరకు మంజూరైన ఆటో అమ్మా అది. మధ్యలో ఆపే అధికారం నాకు లేదు."

"మరి పెట్టే అధికారం యాడిది సార్?"

ఆయన ఆ ప్రశ్నను వినలేదు. నేను విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఆ మైకులో వచ్చే ప్రతి మాటా నా చేత్తో రాసిందే. ఈదమ్మ వెనకాలే బయటికి పోయి, "పద, ఓబులయ్య తాత దగ్గరికి పోదాం" అన్నాను.

ఓబులయ్య తాత మా ఊరి నాటువైద్యుడు. ఎనభై ఏళ్ళుంటాయి. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, నూరిన మందు చెట్టాకులో చుట్టి ఇస్తాడు. మమ్మల్ని చూడగానే మండిపడ్డాడు.

"రాప్పా సుంకన్నా, రా! ఏం మైకు పెట్టినావు నాయనా! పొద్దున లేస్తే పొలుసు పొలుసు అని నా పానం తీస్తాండారు. అది గోరురా అబ్బీ, మీ గోరూ అదీ ఒకటే సరుకు, మీ గోర్లు మీరు కొరుక్కుని మింగండి అని చెప్పినా. ఇంటారా? సొంత గోరు ఊరికే వస్తాది కదా, ఊరికే వచ్చేది మందెట్ల అయితాది అంటాండారు!"

ఈదమ్మ అరుగు కింద గొంతుక్కూర్చుని అలుగు సంగతీ పిల్ల సంగతీ చెప్పింది. తాత కోపం దిగిపోయింది. మందు నూరే కల్వాన్ని పక్కకు జరిపాడు.

"వద్దంటే కావాలంటాది లోకం. కాబట్టి వద్దనేది మానుకోవాల. మనోళ్ళు ఏ మందైనా పనిచేస్తాదా అని అడగరు సుంకన్నా. ఎనభై ఏండ్లలో ఒక్కడు అడగలా. అందరూ అడిగేది ఒకటే, పథ్యం ఏంది అని."

మర్నాడు నేను అక్కడే ఉన్నాను. మొదట వచ్చింది రిటైరైన టీచరు కంబగిరి మాస్టారు. రెండు మోకాళ్ళూ పట్టుకుని అరుగెక్కి, యథాప్రకారం పొలుసు అడిగాడు.

"వాడుకో మాస్టరూ. నేను వద్దన్నానా?" అన్నాడు తాత. "పథ్యం మాత్రం నలభై దినాలు."

"ఏంది పథ్యం?"

"చింతపండు ముట్టగూడదు."

మాస్టారు కొంచెం వెనక్కి జరిగాడు.

"ఎండుమిరపకాయ, పచ్చిమిరపకాయ, ఊరగాయ, గోంగూర, వంకాయ, కాకరకాయ. తాలింపు వాసన గూడా పడగూడదు."

"టీ తాగొచ్చు కదా?"

"టీ మాట ఎత్తగాకు."

"ఆదివారం పూట మటను..."

"పొట్టేలు కట్టేసిన వీధిలో నడవగూడదు."

"మరి ఏం తిని బతకాల తాతా?"

"ఉప్పు లేని జావ."

"పథ్యం తప్పితే?"

"నొప్పి రెండో మోకాలికి వస్తాది."

"నాకు రెండు మోకాళ్ళూ నొప్పులే కదా!"

"అట్లయితే మోచేతులకు."

మాస్టారు అరుగు దిగాడు. ఎక్కేటప్పుడు పట్టిన టైములో సగం పట్టలేదు దిగడానికి. చింతపండు లేకుండా నిలబడి బతికేదానికంటే చారు పోసుకుని కుంటుకుంటా బతికేది మేలని ఆయన బజారులో చెప్పాడు. ఆయన మాట ఊళ్ళో చెల్లుతుంది, సగం ఊరు ఆయన దగ్గరే ఎక్కాలు నేర్చుకుంది. ఇరవై రోజుల్లో పొలుసు అడిగేవాడు లేడు. లాడ్జిలో గది తీసుకుని పొలుసులు కొంటానని కూర్చున్న బయటి ఊరి వ్యాపారి ఒకడు గది ఖాళీ చేసి పోయాడు. ఉచ్చులు ఆగిపోయాయి. ఈదమ్మ ఒకరోజు ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి, నవ్వి, మోచెయ్యి దాటి ఇంకొంచెం పైకి చూపించి పోయింది. పిల్ల పెరుగుతోందని.

మీరు గమనించారో లేదో, తాత ఆ మందు పనిచేస్తుందని ఒక్కసారీ అనలేదు. అబద్ధం ఆడకుండా అడవిని కాపాడాడు మహానుభావుడు.

కథ ఇక్కడితో అయిపోయేది, నా నోరు ఊరుకుంటే.

మూడో సర్వేలో గిరాకీ నాలుగు శాతానికి పడిపోయింది. పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి నాకు చెయ్యిచ్చారు. పై ఆఫీసు నుంచి అభినందన వచ్చింది. దాని కిందనే ఒక ప్రశ్న. "ఏ చర్య వలన తగ్గినదో కారణము తెలుపవలెను." పరాంకుశం గారు మైకు అని రాయబోతుంటే నాకు ఓబులయ్య తాత మీద అభిమానం పొంగుకొచ్చింది. పెద్దాయనకు కాస్త పేరు వస్తుంది కదా అని పథ్యం సంగతి మొత్తం చెప్పేశాను. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే నా నాలుక నేనే కోసుకోవాలనిపిస్తుంది.

"అద్భుతం!" అన్నారు పరాంకుశం గారు. "కానీ ఇది ఒక వృద్ధుని నోటి మాటగా ఉన్నది. నోటి మాటకు ఆడిట్ లేదు. దీన్ని వ్యవస్థీకరించాలి."

ఓబులయ్య తాతను పిలిపించారు. ఆయన కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు. "వద్దు సామీ. పథ్యం నోట్లో ఉన్నంత సేపే పథ్యం. కాయితం మీదికెక్కిందా, బేరాలు మొదలయితాయి."

పరాంకుశం గారు ఆయనకు శాలువా కప్పి పంపించారు. పది రోజుల్లో సర్క్యులరు వచ్చింది. రాజముద్రతో, ఆకుపచ్చ అక్షరాలతో. "అలుగు పొలుసు సేవించు ప్రజలు విధిగా పాటించవలసిన ప్రామాణిక పథ్యము." దానికి ఒక అనుబంధం కూడా ఉంది. "ప్రజలు అలుగుల కొరకు ఈ క్రింది స్థలమునకు వెళ్ళరాదు" అని పెట్టి, పెద్దసెలకు దారి, ఎన్నో మలుపు దగ్గర ఎడమకు తిరగాలో, ఎండిన ఏపమాను దాటాక ఎన్ని అడుగులో, అన్నీ ఈదమ్మ చెప్పి రాయించిన కాపలా రిపోర్టుల్లోంచి తీసి, పటం వేసి మరీ ఇచ్చారు. ఎక్కడికి వెళ్ళకూడదో స్పష్టంగా చెప్పకపోతే ప్రజలు పొరపాటున వెళ్ళే ప్రమాదం ఉందట. అది టైపు చేసింది నేనే. ఒక్క తప్పు లేకుండా టైపు చేశాను. ప్రతి గోడ మీదా అంటించాం.

మస్తాన్ టీ బంకు గోడ మీద కూడా.

"సూసినావా? గవర్నమెంటే పథ్యం రాసిచ్చింది. మందు ల్యానిదే పథ్యం యాడైనా ఉంటాదా?"

"ముద్ర గూడా ఏసినారు కదప్పా!"

వారంలో ఊరు మళ్ళీ మోకాళ్ళు పట్టుకుంది. కాకపోతే పథ్యం కష్టంగా ఉంది. కష్టంగా ఉంటే ఏం చేస్తారు? ఓబులయ్య తాతను అడిగితే కసురుతాడు. గవర్నమెంటును అడిగితే అర్జీ తీసుకుంటుంది. సోమవారం అర్జీల రోజున మా ఆఫీసు ముందు రోడ్డు దాకా క్యూ నిలబడింది. టీ బంకుల వాళ్ళు తమ పొట్ట కొట్టారన్నారు. పచ్చళ్ళు పెట్టే మహిళా సంఘాలవాళ్ళు జాడీలతో సహా వచ్చి కూర్చున్నారు. గోంగూర రైతులు గిట్టుబాటు కాదన్నారు. ఉద్యోగుల సంఘం, పథ్యంలో ఉన్న సభ్యులకు నీరసం సెలవు కావాలంది. పింఛనుదార్ల తరఫున కంబగిరి మాస్టారు స్వయంగా వచ్చి, అరవై దాటినవాళ్ళకు చింతపండులో ప్రత్యేక మినహాయింపు ఇవ్వాలని మెమొరాండం చదివాడు. చింత చచ్చినా పులుపు చావదంటారు, ఈయన దగ్గర చింత కూడా చావలేదు.

"ప్రజాభిప్రాయాన్ని గౌరవించాలి" అన్నారు పరాంకుశం గారు. "పథ్య సడలింపు సమీక్షా సంఘం" ఏర్పడింది. వారానికో సమావేశం, సమావేశానికో సడలింపు. మొదటి వారం ఉదయం ఒక టీ. రెండో వారం నిమ్మకాయంత చింతపండు, పింఛనుదార్లకు నారింజకాయంత. మూడో వారం మహిళా సంఘాలు పెట్టిన ఊరగాయ ఊరగాయ కిందికి రాదని, స్వయం ఉపాధి కిందికి వస్తుందని తేల్చారు. నాలుగో వారం ఆదివారం మటను, అందులోకి మసాలా. తాలింపు వాసన పీల్చుట అనివార్యమగుటచే నేరము కాదన్నారు. చివరికి పథ్యంలో మిగిలింది ఒక్క కాకరకాయ. కాకరకాయ పండించేవాళ్ళకు సంఘం లేదు. ఆ ఒక్క పథ్యాన్ని మాత్రం ఊరంతా నిష్ఠగా పాటించారు. పిల్లలైతే పొలుసు సంగతి తెలియకపోయినా పాటించారు.

లాడ్జి గదిలో వ్యాపారి మళ్ళీ దిగాడు. ఈసారి వాడికి దారి చూపే మనుషులు కావలసిన పని లేదు, దారి గోడ మీదే ఉంది.

సంఘంలో ఉప్పు విషయం చర్చకు వచ్చిన రోజు ఈదమ్మ వచ్చింది. లోపల సమావేశం అని చెప్తే రెండు గంటలు మెట్ల మీద కూర్చుంది. తర్వాత కిటికీ దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది. చేతుల నిండా తీగ కోసిన గాట్లు.

"నిన్న పదకొండు ఉచ్చులు తీసినా సార్. ఒకదాంట్లో దాని కాలు పడింది. నేను పోయేసరికి పిల్లను పొట్టకింద పెట్టుకోని ఉండ చుట్టుకోనుండె. తీగ కోసి ఇడిపించినా. రేపు నేను పోయేకి ముందు వాళ్ళు పోతే? నేను ఒక్కదాన్ని ఎన్ని తీసేది?"

కిటికీలోంచి మంచినీళ్ళ గ్లాసు అందించాను, తీసుకోలేదు.

"వాళ్ళకు పెద్దసెల ఎట్ల తెల్సింది సార్? మా గూడెపోళ్ళు ఎవురూ చెప్పల్యా."

చెప్పాను. అనుబంధం సంగతీ, దాన్ని టైపు చేసింది ఎవరో కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మీ కాయితంలో ఉండబట్టి దానికి ఈ గతి" అంది. "మీ కాయితంలో ల్యాకుంటే బతికిపోతాది, కదా సార్?"

"కాయితంలో ఎక్కిందాన్ని తియ్యడం మా వల్ల కాదు ఈదమ్మా. చస్తే తప్ప మేము దేన్నీ రికార్డులోంచి తియ్యం."

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. అటునుంచి అటే అడవి దారి పట్టింది.

రెండు రోజుల తర్వాత సమావేశం మధ్యలో, ఎవరినీ అడగకుండా, తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"అలుగు సచ్చిపోయింది సార్."

అందరూ ఆగిపోయారు. పరాంకుశం గారి చేతిలో పెన్ను కూడా ఆగింది.

"కళేబరం?"

"ఎత్తకపోయినారు ఎవురో."

"పిల్ల?"

"తల్లి ల్యాకుండా పిల్ల యాడ బతుకుతాది సార్?"

ఆ ఉచ్చు ఇనుప తీగది కాదు, నా టైపు మిషనుదే అనిపించింది. సంఘం లేచి ఒక నిమిషం మౌనం పాటించింది. ఆ నిమిషాన్ని నేనే మినిట్సులో రాశాను. కూర్చున్నాక పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు.

"ఎంతైనా దురదృష్టకరం. అయితే దీన్ని సానుకూల దృక్పథంతో పరిశీలించినట్లయితే, లభ్యత లేని వస్తువునకు గిరాకీ ఉండనేరదు. అనగా మనం నూరు శాతం తగ్గింపు సాధించినట్టే."

సంఘంలో పింఛనుదార్ల ప్రతినిధిగా కూర్చున్న కంబగిరి మాస్టారు చప్పట్లు కొట్టబోయి, సందర్భం గుర్తొచ్చి, మోకాళ్ళు రుద్దుకున్నాడు.

సర్క్యులరు రద్దయింది. గోడల మీద కొత్త కాయితం అంటించాం: "ఈ ప్రాంతమున అలుగులు లేవు." అక్షరం పొల్లుపోకుండా ఊరు ఈసారి నమ్మింది, ఎందుకంటే చెప్పింది ఈదమ్మ. వ్యాపారి ఆ రోజు బస్సుకే పోయాడు. ఊళ్ళో మోకాళ్ళ నొప్పులు మళ్ళీ ఓబులయ్య తాత నూనె దగ్గరికి చేరాయి. పరాంకుశం గారికి ఒక జ్ఞాపికా, బదిలీ వచ్చాయి. ఆయన్ని వేరే జిల్లాకు, రెండు తలల పాము గిరాకీ తగ్గించడానికి పంపించారు. వెళ్ళే ముందు ఆయన సంతకం చేసిన ఆఖరి కాయితం ఈదమ్మది. "సంరక్షించవలసిన ప్రాణి లేనందున సంరక్షకురాలి సేవలు అనవసరమని భావించి తొలగించడమైనది."

దాన్ని పోస్టులో పంపొచ్చు. నాకు మనసొప్పలేదు. నేనే పట్టుకుని గూడేనికి పోయాను. పెద్దసెల వైపు పోయిందన్నారు. నా పటమే నాకు దారి చూపించింది. పొద్దు గూకుతోంది. ఏపమాను దాటాక ఈదమ్మ ఒక బండ మీద కూర్చుని కనిపించింది. నన్ను చూసి లేవలేదు. నోటి మీద వేలు పెట్టి, పక్కన కూర్చోమని సైగ చేసింది.

కాసేపటికి ఎదురుగా గట్టు మీద మట్టి కదిలింది. బొక్కలోంచి ముందు ఒక మొండి ముక్కు వచ్చింది. తర్వాత ఎండిన తాటిమట్ట రంగు ఒళ్ళు. వెనక కాలు కొంచెం కుంటుతోంది. తోక మొదట్లో, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఒక పిల్ల.

పదకొండు ఫైళ్ళు రాశాను దాని మీద. మూడు సర్వేలు చేశాను. దాన్ని చూడడం అదే మొదటిసారి. నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు, ఈదమ్మ నా వైపు చూసి నవ్వితే తెలిసింది.

అది చెదల పుట్ట వైపు పోయాక కాయితం ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. ఏముందో నేనే చదివి వినిపించాను. మడిచి బొడ్లో దోపుకుంది.

"ఉద్యోగం పోయిందే ఈదమ్మా."

"పోతే పోనీ సార్. పగలు ఉపాధి పనికి పోతా. పొద్దుగూకితే ఈడికే వస్తా, కాళ్ళు అలవాటు పడినాయి." బండ మీంచి లేస్తూ అంది. "సూసినావు కదా. దీన్ని సూసినోళ్ళకు గూడా ఒక పథ్యం ఉండాది సార్."

"చింతపండా?"

"కాదు. యాడా చెప్పగూడదు. కాయితం మీద అసలుకే పెట్టగూడదు."

"ఎన్ని దినాలు?"

"అది బతికినన్ని దినాలు."

రిటైరై నాలుగేళ్ళయింది. మా ఆవిడకు కూడా చెప్పకుండా ఆ పథ్యం కాపాడుకుంటూ వచ్చాను. మరి ఇవాళ ఇదంతా ఎందుకు రాస్తున్నావయ్యా అంటారు. ఊరి పేరు మార్చాను. సెల పేరు మార్చాను, ఏపమాను కూడా ఏపమాను కాదు. ఆ మాత్రం జాగ్రత్త తీసుకుని, మిగతాదానికి నాకు నేనే ఒక చిన్న సడలింపు మంజూరు చేసుకున్నాను. మీరు నన్ను చూసి నేర్చుకోకండి. మేమంతే, మాకు పథ్యమంటూ ఒకటి ఉంటే సడలింపు లేకుండా ఉండలేం.